దీవికి అల, తనకల్లుకు వాన

అనంతపురానికి బదిలీ ఉత్తర్వు అందేనాటికి నాకు సర్వీసు ఇంకా నాలుగేళ్లు మిగిలి ఉంది. రోహిణి కార్తె ఎండల్లో వచ్చి చేరాను. హోదా మెటీరాలజిస్ట్. పని, రైతులకు వాతావరణ సలహా. మంగళవారం, శుక్రవారం రాబోయే ఐదు రోజుల వాన, ఎండ, గాలి, తేమల అంచనా మండలాలవారీగా తయారు చేయాలి. దాని కింద పంటల శాస్త్రవేత్త రాసిచ్చే సలహా చేర్చి పంపాలి. దాన్నే మేము బులెటిన్ అంటాం. ఇక్కడ చెప్పబోయే సంగతి నేను చేరిన మరుసటి ఏడాది చిత్త కార్తెలో, దసరా సెలవులు ముగుస్తున్న వారంలో జరిగింది.

అంతకుముందు చాలా ఏళ్లు అండమాన్‌లో పనిచేశాను. మాది కణేకల్. కాలువలో ఈత నేర్చుకున్నవాణ్ణి తీసుకుపోయి సముద్రం నడుమ కూర్చోబెట్టారు. అక్కడ డ్యూటీలో ఉన్నవాడు మూడు గంటలకొకసారి ఒడ్డుకు వెళ్లి, కంటితో చూసి, సముద్రం స్థితి రాయాలి. ప్రశాంతం నుంచి అల్లకల్లోలం దాకా దానికి మెట్లు ఉంటాయి. మొదట్లో అన్నీ నాకు అల్లకల్లోలంగానే కనిపించేవి. చెరువు గట్టు మీద నిలబడి పెరిగిన కంటికి కదిలే నీళ్లన్నీ ఒకటే. రెండో ఏటికి తేడా తెలిసింది.

ఆ దీవుల్లో శరదృతువు మనుషులను మోసం చేస్తుంది. నైరుతి వెళ్లిపోతూ ఉంటుంది, ఈశాన్యం ఇంకా కుదురుకోదు. గాలి పడిపోతుంది. పొద్దున కడిగిన పళ్లెంలాంటి ఆకాశం. వర్షాలు అయిపోయాయనుకుని ఈతగాళ్లు వస్తారు. అదే నెలలో బంగాళాఖాతంలో ఒకదాని వెనక ఒకటి అల్పపీడనాలు పుడతాయి. వాటి అలల కోసం పలకలు వేసుకుని సర్ఫింగ్ వాళ్లు వస్తారు. ఒకరికి అల కావాలి, ఒకరికి అల వద్దు. మేము మాత్రం ఇద్దరికీ ఒకే బులెటిన్ ఇచ్చేవాళ్లం.

అనంతపురం వచ్చాక ఇక సముద్రంతో పని లేదనుకున్నాను. మరుసటి ఏడు వినాయక చవితి దాటిన తర్వాత ఒక అమ్మాయి ఆఫీసుకు వచ్చింది. పేరు మంజుల. కదిరి దగ్గర ఒక గురుకుల పాఠశాలలో వ్యాయామ టీచరు. సొంత ఊరు తనకల్లు మండలంలో ఒక పల్లె. పాఠశాలకు బులెటిన్ వెళ్తుంది కాబట్టి కింద నా హోదా చూసిందట. నేను అండమాన్‌లో చేశానని ఎవరో చెప్పారట.

"సార్, వచ్చే నెల ఆడికి పోతాండా, ఈదేకి," అంది. "సముద్రం గురించి నాకేమీ తెలియదు. చెప్పే వాళ్లు ఈడ ఎవరూ లేరు."

ఆమె చెప్పిన దాని సారాంశం ఇది. చిన్నప్పుడు వాళ్ల చేని బావిలో నాన్న నడుముకు తాడు కట్టి ఈత నేర్పించాడు. ఆ బావి ఎండిపోయాక ఊళ్లో నీళ్లున్న బావి ఎక్కడుంటే అక్కడ ఈదింది. ఉద్యోగం వచ్చాక సెలవు రోజుల్లో రిజర్వాయరుకు బస్సెక్కి పోయేది. బెంగళూరులోని ఒక ఈత క్లబ్బు అండమాన్‌లోని ఒక దీవి చుట్టూ దూరపు ఈత ఏర్పాటు చేసింది. దానికి ముందు కొలనులో పరీక్ష పెడితే నెగ్గింది. ఈత తూర్పు ఒడ్డున జెట్టీ దగ్గర మొదలవుతుంది. దక్షిణపు కొనను చుట్టి పడమటి ఒడ్డున ఇసుక మీదికి ఎక్కాలి. వాళ్ల పల్లె నుంచి సముద్రాన్ని చూసినవాళ్లే తక్కువ. అందులో ఈదబోతున్నది ఆమె ఒక్కతే.

సముద్రపు అంచనాలు ఇచ్చే అధికారం నాకు లేదు. అవి తీరంలోని కేంద్రాలు ఇస్తాయి. జిల్లా అధికారి తన పరిధి దాటి అంచనా చెప్పడం మా శాఖలో తప్పు. అయితే ఇచ్చిన అంచనాను ఎలా చదవాలో చెప్పడానికి ఏ నియమమూ అడ్డు రాదు. ఆ మాట ఆమెకు మొదటే చెప్పాను. నాలుగైదు ఆదివారాలు వచ్చింది. బులెటిన్‌లో అల ఎత్తు అని రాసేది ఒక్క అల ఎత్తు కాదనీ, పెద్ద అలల సగటు అనీ, దానికి దాదాపు రెట్టింపు అల కూడా అప్పుడప్పుడు వస్తుందనీ చెప్పాను. అంతకంటే ముఖ్యమైనది అలకూ అలకూ మధ్య పట్టే సమయం. దగ్గరి గాలి లేపిన అలలు గజిబిజిగా, వెంటవెంటనే వస్తాయి. దూరాన తుపానుగాలి లేపిన అలలు తీరిగ్గా, గుంపులుగా వస్తాయి. లోతు నీళ్లలో అవి కనిపించవు, నీళ్లు మెల్లగా ఉబ్బి దిగినట్లు ఉంటుంది అంతే. లోతు తగ్గేచోట లేచి విరుచుకుపడతాయి.

"అంటే గాలి లేకపోయినా అల వస్తాదా సార్?"

"వస్తుంది. ఆకాశం నీలంగా ఉన్నప్పుడే వస్తుంది."

"మా మామ మాదిరి," అంది. "యాడో కొట్లాడి, కోపం మా ఇంటికొచ్చి చూపిస్తాడు." నా సర్వీసులో దూరపు అలకు అంతకంటే మంచి వివరణ వినలేదు.

దసరా మరుసటి రోజుకు దక్షిణ అండమాన్ సముద్రంలో అల్పపీడనం ఏర్పడింది. పడమటి దిక్కుగా కదులుతూ బలపడుతుందని పటాలన్నీ చెప్పాయి. మా జిల్లాకు అది మంచి వార్త. భాద్రపదమంతా చినుకు లేదు. మా వైపు చెనక్కాయ అనే వేరుశనగ ఊడలు గట్టిపడిన నేలలో ఇరుక్కుపోయి ఉన్నాయి. అలాంటి నేలలో చెట్టు పీకితే కాయలు లోపలే తెగిపోతాయి. ఒక వాన పడితే సులువుగా వస్తాయి. కానీ పీకి ఆరబెట్టిన తర్వాత వాన పడితే కాయ నల్లబడుతుంది, పశువుల మేతకు పనికొచ్చే కట్టె కుళ్లిపోతుంది. అందువల్ల ఆ శుక్రవారం బులెటిన్ కోసం జిల్లా అంతా ఎదురుచూసింది. ఆదివారం సాయంత్రం నుంచి జిల్లా దక్షిణ మండలాల్లో ఓ మోస్తరు వానలు పడే అవకాశం ఎక్కువ అని రాశాను. చెనక్కాయ పీకడం రెండు మూడు రోజులు వాయిదా వేసుకోవాలని పంటల శాస్త్రవేత్త కింద చేర్చాడు.

ఆ ఆదివారం పొద్దున్నే మంజుల ఈత. పౌర్ణమి ఆ చుట్టుపక్కలే పడింది. పౌర్ణమికి సముద్రం పొంగే పోటు, దిగే పాటు రెండూ బలంగా ఉంటాయి.

శనివారం వ్యవసాయ శాఖ వాళ్లతో కలిసి తనకల్లు వైపు క్షేత్ర పర్యటన పడింది. బులెటిన్ రైతుకు ఎంతవరకు అందుతోందో చూసే పర్యటన అది. మంజుల నాన్న నరసింహులు తన చేను చూసి పొమ్మని కబురు పంపాడు. మధ్యాహ్నం మూడు దాటాక అక్కడికి చేరాం. బక్కపలచని మనిషి, అరవై దాటి ఉంటాడు. చేని గట్టున నిలబడి, పలకరింపులు కూడా కాకముందే అడిగాడు.

"ఏం సార్, వాన వస్తాదా రాదా? ఒగ మాట చెప్పండి."

"వచ్చే అవకాశమే ఎక్కువ."

"అవకాశం అంటే ఏంది సార్? కూలోళ్లను రేప్పొద్దునకు మాట్లాడుకున్నా. రమ్మందునా, వద్దందునా?"

ఒక మొక్క పట్టుకుని లాగి చూపించాడు. కాండం చేతికొచ్చింది, సగం కాయలు నేలలో ఉండిపోయాయి. పది అంచనాల్లో ఆరేడు నెగ్గితే మా శాఖలో మంచి అధికారి అంటారు. రైతుకు ఏటికి ఒకటే నిర్ణయం. ఆ తేడా అప్పటికి నాకు తెలియనిది కాదు. కానీ ఇలా మొక్క చేతిలో పట్టుకున్న మనిషి ముందు నిలబడి, "ఎక్కువ" అన్న మాట ఉచ్చరించడం కష్టంగా అనిపించింది. "నేనైతే ఆగుతాను. కానీ రాకపోవచ్చు కూడా," అన్నాను.

"రాకపోతే?"

అంతలో నా ఫోన్ మోగింది. మంజుల.

ఆమె జెట్టీ దగ్గర నుంచి మాట్లాడుతోంది. నరసింహులు కూడా వినాలని స్పీకరు పెట్టాను. "సార్, ఈడ చెరువు మాదిరి ఉండాది," అంది. "గాలే లేదు. అందరూ సంబరంగా ఉండారు. బులెటిన్‌లో అల ఎత్తు తక్కువే ఉండాది. కానీ అలకూ అలకూ మధ్య సమయం మొన్నటికంటే చాలా పెరిగింది. నిర్వాహకులను అడిగితే ఎత్తు చూడమ్మా, అది చాలు అంటాండారు."

అది మా అల్పపీడనమే. దీవులను దాటి పడమటికి వెళ్లిపోయింది. దాని వెనక ఆకాశం తేటపడింది. కానీ దాని దక్షిణపు అంచున వీస్తున్న గాలి నీళ్లను తిరిగి దీవుల వైపే నెడుతోంది. నరసింహులు చేనికి రావాల్సిన వాన, ఆయన కూతురు ఈదాల్సిన నీళ్లలోని అల, రెండూ ఒకే చోట నుంచి బయలుదేరాయి.

"నువ్వు నిలబడింది తూర్పు ఒడ్డు," అన్నాను. "దీవి నీకు గోడలాగా అడ్డం ఉంది. అక్కడ ఏమీ కనిపించదు. పొద్దు ఉండగానే ఆటో మాట్లాడుకుని పడమటి ఒడ్డుకు పో. నువ్వు రేపు ఎక్కాల్సిన ఇసుక ఎట్లా ఉందో చూడు. చూసి ఫోన్ చెయ్యి."

ఫోన్ పెట్టేశాక నరసింహులు కూలీల సంగతి మళ్లీ ఎత్తలేదు. వ్యవసాయాధికారి జీపు దగ్గరికి వెళ్లిపోయినా నేను గట్టు మీదే కూర్చున్నాను. తూర్పున మబ్బు పలచగా పరుచుకుంటోంది. గాలి ఈశాన్యం నుంచి మొదలైంది. రెండూ అంచనాకు తగ్గట్టే ఉన్నాయి.

గంట గడవకముందే ఆమె మళ్లీ ఫోన్ చేసింది. వెనక హోరు వినిపిస్తోంది.

"సార్, ఇది వేరే సముద్రం."

పడమటి ఒడ్డున పగడపు దిబ్బ మీద అలలు మనిషెత్తు కంటే పైకి లేచి విరుగుతున్నాయి. కాసేపు ఏమీ ఉండదట, తర్వాత వరుసగా నాలుగైదు. సర్ఫింగ్ వాళ్లు పండగ చేసుకుంటున్నారు. అక్కడ సర్ఫింగ్ నేర్పే ఒకాయన ఉన్నాడు, ఆ దీవిలోనే పుట్టి పెరిగినవాడు. మంజుల ఆయన్ని, ఈదుకుంటూ వస్తే ఎక్కడ ఎక్కచ్చని అడిగింది. విరుగుతున్న అలల మధ్య నున్నగా ఒక దారి కనిపిస్తోంది, అక్కడ అల లేదు, అందులోంచి వస్తే సరిపోతుంది కదా అంది. ఆయన నవ్వి, దాని దగ్గరికే పోవద్దన్నాడు. ఒడ్డెక్కిన నీళ్లన్నీ తిరిగి సముద్రంలోకి పోయే దారి అదే. అందుకే అక్కడ అల విరగదు. అలసిపోయి వచ్చిన ఈతగాడికి అదే అన్నిటికంటే సులువుగా కనిపిస్తుంది. దానికి ఎదురీదితే ఉన్న చోటే ఉండిపోతాడు.

"ఇప్పుడు ఏం చెయ్యమంటారు సార్?" అంది మంజుల. "దిగద్దంటే దిగను."

ఆ మాట అననూ లేను, అనకుండా ఉండనూ లేను. నేను వందల మైళ్ల దూరంలో, ఎండిన చేని గట్టు మీద ఉన్నాను. నా మాటకు అధికారం లేదు. అయినా ఆమె దానిని ఆజ్ఞలాగా తీసుకోవడానికి సిద్ధంగా ఉంది. అప్పుడు నరసింహులు నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు.

"ఏమే, బావిలో దిగేటప్పుడు నేనేం చెప్తాంటి?"

జవాబుకు ఆగకుండా తానే చెప్పాడు.

"యాడ ఎక్కాల్నో చూసుకున్నాకే దిగమంటి. చూసుకున్నావు కదా. ఎక్కేకి దావ ఉండాదా?"

"లేదు నాయనా."

"మల్ల సార్‌ను అడిగేదేముండాది?"

ఆమె అంది, "సగం దూరం ఈదుతా నాయనా. కొన దాకా పోయి, ఎనక్కి తిరిగి జెట్టీకే వస్తా. తూరుపు పక్కన ఏం భయం లేదు."

"అది నీ ఇష్టం," అని ఫోన్ నాకిచ్చాడు.

నేను చెప్పవలసినవి రెండే మిగిలాయి. తిరుగుతానన్న సంగతి వెంట వచ్చే పడవవాడికి ముందే చెప్పి ఒప్పించుకోవాలి. ఎవరు విన్నా వినకపోయినా చూసింది చూసినట్లు అందరికీ చెప్పాలి. ఆమె ఆ సాయంత్రం ఈతగాళ్ల సమావేశంలో చెప్పింది. నిర్వాహకుడు ఓపిగ్గానే విన్నాడట. హెచ్చరిక ఏదీ జారీ కాలేదనీ, అనుమతులన్నీ ఉన్నాయనీ, భయపడేవాళ్లు తప్పుకోవచ్చనీ అన్నాడు. నలుగురు మంజుల వైపు వచ్చారు. మిగిలినవాళ్లు మొత్తం దూరం ఈదుతామన్నారు. సమావేశం నుంచి బయటికి వచ్చి ఆమె ఇంకొక పని చేసింది. అది నేను చెప్పింది కాదు. సర్ఫింగ్ నేర్పే ఆయనకు ఫోన్ చేసి, ఈతగాళ్లు పడమటి ఒడ్డుకు ఏ వేళకు చేరతారో చెప్పింది.

ఆదివారం జరిగింది ఆమె మాటల్లో తర్వాత విన్నాను. దక్షిణపు కొన దాకా నీళ్లు నిజంగానే చెరువులా ఉన్నాయి. కొన మలుపు దగ్గర ఉన్నట్టుండి పక్కనున్న పడవ కనిపించలేదు. మునిగిపోయిందేమోనని బెదిరింది. మళ్లీ కనిపించింది. మధ్యలో నీళ్ల గట్టు ఒకటి లేచి దాటిపోయింది, శబ్దం కూడా లేకుండా. చేతుల్లో ఇంకా బలం ఉంది. ముందు పోతున్నవాళ్ల టోపీలు కనిపిస్తున్నాయి. "ఆడ తిరిగేది అంత కష్టమని తెలియదు సార్," అంది నాతో. "ఈదేది సులువు." ఆమె వెంట నలుగురూ తిరిగారు.

ముందుకు పోయినవాళ్ల కోసం పడమటి ఒడ్డున సర్ఫింగ్ ఆయన తన శిష్యులతో పలకల మీద కూర్చుని కాచుకున్నాడు. వచ్చినవాళ్లను వచ్చినట్లు పలకలకు పట్టించి, దిబ్బ లేని వైపుగా తిప్పి ఒడ్డుకు చేర్చారు. బెంగళూరు నుంచి వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగి మాత్రం ఆ నున్నటి దారిలోకే వెళ్లాడు. చాలాసేపు ఎదురీది, చేతులు ఆడక, అల కొట్టినప్పుడు దిబ్బకు తగిలాడు. భుజం చీరుకుపోయింది. ఇద్దరు పట్టుకుని లాగారు. ప్రాణానికి ఏమీ కాలేదు. మంజుల పేరు ఎదురుగా "పూర్తి చేయలేదు" అని రాశారు. ఆ క్లబ్బు తర్వాతిసారి ఈతను ఫిబ్రవరికి మార్చింది. అప్పుడామె పూర్తి చేసింది, చివరి నుంచి మూడోది.

ఇక వాన. ఆదివారం సాయంత్రం నుంచి మబ్బు దట్టమైంది, ఉరిమింది. అల్పపీడనం తీరం దగ్గరకొచ్చాక ఉత్తరానికి మళ్లింది. కదిరి అవతల నాలుగు పల్లెల్లో బాగా కురిసింది. నరసింహులు చేనికి మూరెడు దూరంలో ఆగినట్లు ఆగిపోయింది. ఆయన చేనిలో దుమ్ము అణగలేదు. బుధవారం నేనే ఫోన్ చేశాను.

"రాలేదు సార్," అన్నాడు. "సగం చేను ఆదివారమే గడ్డపారతో తవ్వి పీకించినా. సగం మీ మాట మీద నిలిపినా. పీకింది ఎండి బాగుండాది. నిలిపిన కాడ నేల ఇంకా గట్టిపడింది, మడక కట్టి దున్ని తీయిస్తాండా, కొంచెం పోతాది."

నా మాట పూర్తిగా నమ్మలేదన్నమాట. ఆ సంగతి విని నాకు కలిగింది బాధ కాదు, ఊరట. "నేను రాకపోవచ్చు కూడా అన్నాను కదా," అని ఏదో చెప్పబోయాను.

"మీరు చెప్పినారు సార్, కాదనలేదు. రాకపోతే ఏం చెయ్యాల్నో అది చెప్పలేదు. దాన్ని నేను ఆలోచించుకున్నా," అన్నాడు. నిష్ఠూరమేమీ లేదు ఆ గొంతులో. తర్వాత కూతురు ఊరికి ఎప్పుడొస్తుందో చెప్పాడు.

ఈ రెండు ఫలితాలను పక్కపక్కన పెట్టి చాలా రోజులు ఆలోచించాను. ఒకే పటం, ఒకే అల్పపీడనం, చెప్పిన మనిషీ నేనే. కూతురి విషయంలో అది నెగ్గింది, తండ్రి విషయంలో తప్పింది. నా తెలివి ఒకచోట పెరిగి ఇంకొకచోట తగ్గలేదు. కూతురికి నేను ఫలితం చెప్పలేదు. ఎక్కడికి పోయి చూడాలో చెప్పాను. తిరిగి రావడానికి దారి ఆమె పెట్టుకుంది. తండ్రికి ఫలితం చెప్పాను, అది తప్పితే ఏమిటన్నది చెప్పలేదు. ఆయన అనుభవజ్ఞుడు కాబట్టి సగం చేను దక్కించుకున్నాడు. ఊళ్లో బులెటిన్‌ను అక్షరాలా నమ్మిన ఇద్దరు మొత్తం చేను నిలిపారని తర్వాత తెలిసింది.

తర్వాత ఒక మంగళవారం బులెటిన్‌లో, సలహా కింద, "వాన రాకపోతే" అని ఒక వాక్యం మొదలుపెట్టి, పంటల శాస్త్రవేత్తతో మాట్లాడి పూర్తి చేశాను. నమూనాలో అలాంటి గడి లేదని పైనుంచి అభ్యంతరం వచ్చింది. శాఖ తన అంచనాను తానే అనుమానిస్తున్నట్లు ఉందని కూడా రాశారు. అంచనా అంటేనే తప్పే అవకాశం కూడా చెప్పడమని, దాన్ని చెప్పి వదిలేస్తే రైతుకు ఉపయోగం లేదని జవాబు రాశాను. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. నేను రిటైరయ్యే వారం దాకా ఆ వాక్యం బులెటిన్‌లో ఉంది. ఇప్పుడు ఉందో లేదో నాకు తెలియదు. వాతావరణం చెప్పేవాడి పని వాన వస్తుందా రాదా అనే దగ్గర ముగియదని, రెండింటిలో ఏది జరిగినా మనిషి నిలదొక్కుకునేలా చెప్పడం దాకా ఉంటుందని ఆ చిత్త కార్తె నాకు నేర్పింది.